రోజాల షెడ్డులో పైథాన్

మొదటి రోజే ఆమె నా ప్రోగ్రాం చూసి నవ్వింది.

చిరునవ్వు కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కుర్చీలో వెనక్కి వాలి, భుజాలు ఊగిపోయేలా నవ్వింది. రెండేళ్ళు తిండీ నిద్రా మాని రాసిన ప్రోగ్రాం అది. హోసూరు బాగలూరు రోడ్డులో టైర్ల షాపు పైన ఉన్న మా చిన్న కంపెనీకి అన్నం పెడుతున్న ప్రోగ్రాం. దాన్ని చూసి, ఉద్యోగంలో చేరి గంటైనా కాని పిల్ల నవ్వింది. ఒళ్ళు మండదా, మీరే చెప్పండి.

"ఎందుకా నవ్వు?" అన్నాను.

"రూల్ మారిన ప్రతిసారీ కోడ్ మార్చి, మళ్ళీ కంపైల్ చేసి, సీడీలో ఎక్కించి, బైక్ మీద తోటకి పోయి ఇన్‌స్టాల్ చేసి వస్తావా?"

"అవును. అయితే?"

"గుండీ ఊడిందని చొక్కా మొత్తం కొత్తగా కుట్టించుకున్నట్టుంది" అని మళ్ళీ నవ్వింది.

ఈ మాటలన్నీ మేము తమిళంలో అనుకున్నవి. మీ కోసం తెలుగులో చెబుతున్నాను. మా ఆఫీసులో తమిళం నడిచేది. ఫోన్లో కస్టమర్ కన్నడం మాట్లాడితే కన్నడం, ఈమెయిల్ అయితే ఇంగ్లీషు. నా పేరు యశ్వంత్, మత్తూరువాణ్ణి, మా ఇంట్లో తెలుగు. ఆమె పేరు ఇంద్రాణి. పొద్దున ఆమెను బైక్ మీద తెచ్చి దింపిపోయిన అన్న పేరు కుమారేశన్. కుమారేశన్ చెల్లెలు తమిళపిల్ల కాక ఇంకెవరవుతుంది? ఈ విషయంలో నా తప్పేమీ లేదని మొదటే చెప్పి ముందుకు పోతాను.

హోసూరు చుట్టూ రోజా తోటలు. కోసిన పువ్వులన్నీ ప్యాకింగ్ షెడ్డుకు వస్తాయి. అక్కడ కాడ పొడుగు కొలిచి, మొగ్గ ఎంత విచ్చుకుందో చూసి, ఏ పువ్వు ఏ పెట్టెలోకో తేల్చాలి. ఒక దేశంవాళ్ళకు పొడుగు కాడ కావాలి, ఇంకొకరికి బిగువు మొగ్గ కావాలి. ఆ రూల్స్ ప్రకారం లెక్క తేల్చేది నా ప్రోగ్రాం. డాట్‌నెట్ అనే పునాది మీద, సీషార్ప్ అనే కంప్యూటర్ భాషలో రాశాను.

"రూల్స్ మాత్రం పైథాన్ భాషలో రాద్దాం" అంది ఇంద్రాణి. "డాట్‌నెట్ మీద పైథాన్ కూడా నడుస్తోంది ఇప్పుడు. నీ ప్రోగ్రాం నీదే, ఎక్కడికీ పోదు. రూల్స్ పక్కన చిన్న ఫైల్లో ఉంటాయి. మారితే ఆ ఫైల్లో రెండు లైన్లు మారుస్తాం. కంపైల్ లేదు, సీడీ లేదు, బైక్ లేదు."

"పైథాన్‌లో టైపులు ముందుగా చెప్పక్కర్లేదు కదా. ఏది అంకె, ఏది అక్షరమో ఎవరు చూస్తారు?"

"నడిచేటప్పుడు తెలుస్తుంది."

"నడిచేటప్పుడా! తొప్పూరు ఘాట్ దిగుతూ బస్సుకు బ్రేకులున్నాయా అని చూసుకున్నట్టా?"

సీషార్ప్ అలాంటిది కాదు. ఇది అంకె, ఇది అక్షరం అని ప్రతి పేరుకీ ముందే రాసిపెట్టాలి. తేడా వస్తే ప్రోగ్రాం తయారే కాదు. మర్యాద గల భాష అంటే అలా ఉండాలి. ఆ మాటే గట్టిగా చెప్పాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "నీకు అన్నిటికీ ముందే పేరు రాసిపెట్టాలి, పాపం" అంది.

సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. మా అవ్వ పుట్టమ్మ. రోజూ మధ్యాహ్నం నేను తిన్నానో లేదో కనుక్కోకపోతే ఆమెకు ముద్ద దిగదు.

"తింటివా నాయనా?"

"యాడ తినేది అవ్వా! ఈ దినం ఒక మహాతల్లి వచ్చింది ఆఫీసుకు. పొగరంటే అంతింత పొగరు కాదు. నా ఎదురుగానే కూర్చోని ఉండాది. మూతి చూడాల నువ్వు, చింతకాయ కొరికిన మాదిరి పెట్టుకోనుండాది."

ఇంద్రాణి కంప్యూటర్ వైపు తిరిగి టైప్ చేసుకుంటోంది. నేను మనసారా ఇంకో నాలుగు మాటలు తిట్టుకుని ఫోన్ పెట్టేశాను. ప్రాణం హాయిగా ఉంది.

మా యజమాని ప్రసాదు సారు. ఎదుటివాడు ఏ భాష ఎత్తుకుంటే ఆ భాషలో మాట్లాడతారు, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళ వైపు మొగ్గుతారు. మేమిద్దరం సమానంగా అరిచేసరికి ఆయనకు దిక్కు తోచలేదు. "సరే. ఫిబ్రవరి దాకా చూద్దాం" అన్నారు. "ప్రేమికుల దినం ముందు వారం తళి రోడ్డు నాగేశప్ప తోట షెడ్డులో ఈ పైథాన్ నిలబడితే ఉంచుదాం. పడిపోతే తీసేద్దాం. ఇంద్రాణి సపోర్ట్‌కు పోవాలి."

సపోర్ట్ అంటే పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్ ఎత్తి "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్యండి సార్" అనడం. ఇంద్రాణి ముఖం పాలిపోయింది. బెంగుళూరులో పెద్ద కంపెనీలో వచ్చిన ఉద్యోగం కాదని, ప్రోగ్రాం రాయనిస్తారనే ఒక్క ఆశతో ఈ టైర్ల షాపు మెట్లెక్కిన పిల్ల. అది నాకప్పటికి తెలియదు. తెలిస్తే అంత సంతోషించేవాణ్ణి కాదు.

అక్కడి నుంచి మా యుద్ధం మొదలైంది. ఆమె పైథాన్ ఫైలు నా ప్రోగ్రాం లోపలికి రావాలంటే నేను తలుపు తెరవాలి. నేను ఊరికే తెరుస్తానా? ప్రతి తలుపు దగ్గరా రెండు రోజుల పోట్లాట. "నీ కోడ్‌లో ఒక్కో పనికి ఎన్ని లైన్లు! ఆఫీసు పని చేయించుకోవడానికి తాలూకా కచేరీ చుట్టూ తిరిగినట్టుంది" అని ఆమె. "నీ కోడ్‌లో ఎవరు ఎవరో తెలియదు, బస్టాండు మాదిరి ఉంది" అని నేను.

"మన బస్టాండే చూడు" అంది ఒకరోజు. "ఇడ్లీ అమ్మే ఆమె దగ్గరికి తెలుగువాడు వస్తాడు, తమిళం ఆయన వస్తాడు, కన్నడం ఆమె వస్తుంది. నీది ఏ భాషో ముందు రాసిచ్చి తర్వాత ఇడ్లీ అడుగు అంటుందా? నోరు తెరిస్తే తెలిసిపోతుంది. ఇడ్లీ ఇచ్చేస్తుంది. పైథాన్ అంతే."

ఆ ఇడ్లీ పోలిక నాకూ నచ్చింది. అందుకే ఇంకా కోపం వచ్చింది. ఆ కోపం యథాప్రకారం అవ్వకు చెప్పుకున్నాను, ఇంద్రాణి పక్కనుండగానే.

ఒకరోజు అవ్వ అడిగింది: "ఏమి నాయనా, మీ ఆఫీసులో ఇంగ ఎవురూ లేరా?"

"ఎందుకు లేరు? శానామంది ఉండారు."

"మరి దినామూ ఆ పిల్ల కత ఒకటే చెప్తావు. ఇంగొకరి పేరు నీ నోట్లో ఇనలేదే నేను."

"తల తింటా ఉండేది ఆ పిల్ల కదవ్వా, ఇంగొకరి గురించి ఏం చెప్పేది!"

అక్టోబరు చివర్లో ఐప్పసి నెల వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి దిగేసరికి బాగలూరు రోడ్డు ఏరైపోయింది. టైర్ల షాపు రేకు కింద నేనూ ఇంద్రాణీ ఇరుక్కుపోయాం. గొడుగు ఆమెకూ లేదు, నాకూ లేదు. ఒకరినొకరు చూడకుండా చెరో టైర్ల దొంతర దగ్గరా నిలబడ్డాం. అవ్వ ఫోన్ చేసింది.

"ఏం చేస్తా ఉండావు నాయనా?"

"వాన పడతా ఉండాది అవ్వా. నిలబడుకోనుండాను."

"ఒక్కడివేనా?"

"ఆ పొగరుబోతు కూడా ఉండాది."

"ఏం చేస్తా ఉండాది?"

చూశాను. ఇంద్రాణి రేకు చివరికంటా పోయి, జారుతున్న నీళ్ళ కింద అరచెయ్యి పెట్టింది. నీళ్ళు చేతిలో పడి చిమ్ముతుంటే కళ్ళు మూసుకుని తనలో తనే నవ్వుకుంటోంది. ముఖం మీద చినుకులు. చెవి పక్క జుట్టు తడిసి బుగ్గకు అంటుకుంది.

"వానలో చెయ్యి పెట్టి ఆడుకుంటా ఉండాది. చిన్నబిడ్డ మాదిరి."

"ఎట్లుండాది?"

"బాగుండాది అవ్వా" అనేశాను. నా నోరే అనేసింది. అది చాలదన్నట్టు, "శానా బాగుండాది" అన్నాను.

అవ్వ అటువైపు నవ్వింది. "నీ మనసు పోయిందిరా."

"పోతే మాత్రం ఏం లాభం అవ్వా? అరవపిల్ల. నన్ను చూస్తేనే ముక్కు చిట్లిస్తాది. నేనేం చెప్పేది, ఆ పిల్లేం ఇనేది."

ఇంద్రాణి చెయ్యి నీళ్ళ కింద అలాగే ఆగిపోయింది. తిరిగి చూడలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. చలికేమో అనుకున్నాను. అంత తెలివైనవాణ్ణి నేను.

అసలు మంట సంక్రాంతి వెళ్ళాక జనవరి చివర్లో రేగింది. మేమిద్దరం తళి రోడ్డులో నాగేశప్ప తోటకు పోయాం, పైథాన్ రూల్స్‌ను షెడ్డులో మొదటిసారి నడిపి చూడటానికి. నాగేశప్ప పెద్దమనిషి, తెల్ల పంచె, పెద్ద గొంతు. ఇంద్రాణి ముఖం చూసి తెలుగులో అడిగాడు.

"ఏమమ్మా, మీది యా ఊరు?"

ఆమెకు తెలుగు రాదని చెప్పబోయాను. నోరు తెరిచేలోపలే ఆమె అంది: "కల్లావి పెదనాయనా."

"కల్లావిలో ఎవురి బిడ్డవు?"

"రాజప్ప కూతుర్ని. బండిచక్రాలు చేస్తా ఉండె చూడండి, ఆ రాజప్ప. ఇప్పుడు ఈడనే హోసూరులో ఫ్యాక్టరీకి పోతా ఉండాడు."

"ఓహో, పిల్లమ్మ బిడ్డవా! మీయమ్మ చేతి రాగిముద్ద తిన్నాను నేను."

అచ్చమైన తెలుగు. మా అవ్వ మాట్లాడే తెలుగు. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆమెను షెడ్డు బయటికి, బక్కెట్లు దొంతర పెట్టిన చోటికి రమ్మన్నాను.

"నీకు తెలుగొచ్చా?" అన్నాను. అలవాటు కొద్దీ అదీ తమిళంలోనే అడిగాను.

"మా ఇంట్లో మాట్లాడేది అదే గదప్పా" అంది తెలుగులో.

"మొదటి దినం నుంచి అంతా ఇంటా ఉండావా?"

"చెవులుండాయి గదా. వినపడకుండా ఎట్లుంటాది?"

"చెప్పొచ్చు గదా!"

"నువ్వు అడగొచ్చు గదా! చేరిన దినమే నా ముందర కూర్చోని చింతకాయ మూతి అంటివి. అట్లాంటోనికి నేను చెప్పాల్నా, నాయనా నాకు తెలుగొచ్చు, కొంచెం మెల్లగా తిట్టు అని?"

"మీ అన్న పేరు కుమారేశన్ అయితే నేనేమనుకునేది?"

"మా తాత సేలం పక్క పనికి పోయినప్పుడు ఆడుండే సామికి మొక్కుకున్నాడు. ఆ పేరు పెట్టినారు. పేరు చూస్తానే అరవపిల్ల అని రాసిపెట్టేసుకుంటివి. ఒక్కతూరి, ఒక్కటే తూరి తెలుగులో పలకరించి చూసింటే తెలిసిపోవును. అది చేసినావా?"

"మా అవ్వతో నేను మాట్లాడుకునేది నా సొంత మాట! దొంగతనంగా ఇంటావా?"

"నా మూతికి ఎదురుగా నిలబడుకోని నన్ను తిడితే అది నీ సొంత మాటా? దొంగ నేనా?"

ఇంకా గట్టిగా ఏదో అనబోయాను. అప్పుడు గుర్తొచ్చింది, వాన రోజు. రేకు కింద నేనన్న మాటలు. ఆమెకూ అదే క్షణంలో గుర్తొచ్చినట్టుంది. ఇద్దరం ఒక్కసారే తలలు దించుకున్నాం. సిగ్గుతో నాకు చచ్చిపోవాలనిపించింది. సిగ్గు పడ్డప్పుడు మనిషి చేసే పనే నేనూ చేశాను, ఇంకా కోపం తెచ్చుకున్నాను. బైక్ ఎక్కి ఒక్కణ్ణే వచ్చేశాను. ఆమె టౌన్ బస్సులో వచ్చింది.

ఆ తర్వాత మాటల్లేవు. తమిళం లేదు, తెలుగు లేదు. పక్క పక్క కుర్చీల్లో కూర్చుని ఇంగ్లీషులో ఈమెయిల్ పంపుకున్నాం. మధ్యలో షెడ్డుకు ఒక కొత్త స్క్రీన్ కావాలన్నారు, కాడ పొడుగు కొలిచి టైప్ చెయ్యడానికి. అది నేను రాశాను. "స్క్రీన్ రెడీ" అని నేను మెయిల్ పెట్టాను. "ఓకే" అని ఆమె పెట్టింది. అంతే. మా అవ్వ ఫోన్ చేస్తే "తిన్నాను" అని చెప్పి పెట్టేసేవాణ్ణి. "ఏమి నాయనా, ఆ పిల్ల ఆఫీసు మానేసిందా?" అని అడిగింది అవ్వ. పని ఉందని చెప్పి ఫోన్ పెట్టేశాను.

ఫిబ్రవరి వచ్చింది. ప్రేమికుల దినానికి ప్రపంచంలో ఎవరెవరో ఎవరెవరికో రోజాలు ఇచ్చుకుంటారు. ఇచ్చేవాడికి ప్రేమ, సర్దేవాళ్ళకు నడుము నొప్పి. ఆ వారం నాగేశప్ప షెడ్డులో కాలు పెట్టడానికి చోటుండదు. బక్కెట్ల నిండా ఎర్ర రోజాలు, బల్లల చుట్టూ ఆడవాళ్ళు, బయట బెంగుళూరు విమానాశ్రయానికి పోవాల్సిన లారీ. కరెంటు పోయి జనరేటర్ మొత్తుకుంటోంది. ప్రసాదు సారు కూడా వచ్చి నిలబడ్డారు. ఇంద్రాణి ఒక మూల, నేనొక మూల.

మధ్యాహ్నం కొనేవాళ్ళ ఫోన్ వచ్చింది. రూల్ మారింది. అంతదాకా పెద్ద పెట్టెకు మొగ్గ చూస్తే చాలు, ఇప్పుడు అందులోకి అరవై సెంటీమీటర్లు దాటిన కాడలే రావాలట.

పాత రోజులైతే నేను ఆఫీసుకు పరిగెత్తేవాణ్ణి. ఇంద్రాణి కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. ఫైల్ తెరిచింది, రెండు లైన్లు మార్చింది, సేవ్ చేసింది. "అయిపోయింది పెదనాయనా" అంది. నాగేశప్ప నోరు తెరిచాడు. లోపల నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఎవరికీ చెప్పలేదు.

కాసేపటికి షెడ్డులో గోల మొదలైంది. కాళమ్మ అనే ఆమె మోచెయ్యంత కూడా లేని కాడను పట్టుకుని నవ్వుతోంది. "ఇది కూడా పెద్ద పెట్టెలోకే అంటా ఉండాదమ్మో మీ కంప్యూటరు!" పొట్టివీ పొడుగువీ అన్నీ పెద్ద పెట్టెలోకే. ప్రతి పువ్వుకీ స్క్రీన్ ఒకే మాట చెబుతోంది.

నాగేశప్ప అరుస్తున్నాడు. లారీ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. ప్రసాదు సారు ముఖం కందగడ్డ అయింది.

"ఇందుకే నేను మొదటే అనుకున్నాను" అన్నారు. ఏమీ అనుకోలేదు ఆయన. "ఆటబొమ్మ తెచ్చి షెడ్డులో పెట్టారు. యశ్వంత్, ఆ పైథాన్ తీసిపారెయ్, పాతది వెయ్. ఇంద్రాణీ, రేపటి నుంచి సపోర్ట్‌లో కూర్చో."

ఇంద్రాణి లేచి నిలబడింది. పెదవి కొరుక్కుని స్క్రీన్ వైపు చూస్తోంది. ఎప్పుడూ నోరు మూతపడని పిల్ల అలా నిలబడితే నేను చూడలేకపోయాను.

అప్పటికే నాకు విషయం దొరికింది. నా కొత్త స్క్రీన్‌లో టైప్ చేసిన కొలత అక్షరాలుగానే వస్తుంది. నలభై అయిదు అని కొడితే అది అంకె కాదు, నాలుగు అనే గుర్తూ అయిదు అనే గుర్తూ. దాన్ని అలాగే ఆమె ఫైలుకు అందించాను, ఆమె మార్చుకుంటుందిలే అని. ఆమె ఫైలు అంకె వస్తుందిలే అని కూర్చుంది. అక్షరాలనూ అంకెనూ పోల్చమంటే మేము వాడే పైథాన్ కుదరదని అనదు, అక్షరాలే పెద్దవని తేల్చేస్తుంది. అందుకే ఏ కాడైనా అరవై కంటే పెద్దదే. మామూలుగా అయితే అయిదు నిమిషాల మాట. "ఏం పంపుతావు?" అని ఆమె, "ఏం కావాలి?" అని నేను అడిగి ఉంటే సరిపోయేది. మేము మాట్లాడుకోవడం లేదు కదా!

నేను నోరు మూసుకుంటే చాలు, జూన్ నుంచి నేను కోరుకున్నదే జరుగుతుంది. పైథాన్ పోతుంది. నా ప్రోగ్రాం నాకు మిగులుతుంది.

"తీసేది లేదు సార్" అన్నాను.

"ఏమిటి?"

"పైథాన్‌లో తప్పు లేదు. నా సీషార్ప్‌లోనూ లేదు. రెండు భాషలు ఒక్కచోట పని చెయ్యాలంటే మధ్యలో మాట్లాడుకోవాలి. మేము మాట్లాడుకోలేదు, అదీ తప్పు. పది నిమిషాలివ్వండి. కాదు, తీసెయ్యాల్సిందే అంటే నా ప్రోగ్రాం కూడా తీసేసుకోండి, రెండూ కలిసే పోతాయి."

"ఏమయ్యా, దీన్ని ఎనిమిది నెలలుగా తిట్టింది నువ్వే కదా!"

"తిట్టాను సార్. తిట్టే హక్కు నాకుంది. కూర్చుని రాసినవాణ్ణి. మీకు లేదు!"

బల్లల దగ్గర ఆడవాళ్ళంతా మావైపు తిరిగారు. నా గొంతు అంత పైకి పోయిందని నాకే తెలియలేదు. ప్రసాదు సారు గడియారం చూసుకున్నారు. "పది నిమిషాలు" అన్నారు.

ఒక బక్కెట్ బోర్లించి నేను కూర్చున్నాను. ఇంకోదాని మీద ఇంద్రాణి కూర్చుంది. చాలా రోజుల తర్వాత ఒకే స్క్రీన్ చూస్తున్నాం.

"అందించే ముందు నేను అంకె చేసి ఇస్తాను" అన్నాను.

"చెయ్యి. అయినా వచ్చింది అంకేనా కాదా అని నా పక్క కూడా ఒకతూరి చూస్తాను. నిన్ను నమ్మేది లేదు."

"నన్ను నమ్మొద్దు. నీ లైన్ రాయి."

నావైపు ఒక లైన్, ఆమె వైపు రెండు. నా స్క్రీన్‌ను లాప్‌టాప్‌లోనే కంపైల్ చేసి వేశాను. కాళమ్మ ఆ పొట్టి కాడనే మళ్ళీ కొలిచింది. చిన్న పెట్టె అని వచ్చింది. అరవై అయిదుది కొలిచింది. పెద్ద పెట్టె. చేతులన్నీ మళ్ళీ గబగబా కదిలాయి.

నాగేశప్ప ప్రసాదు సారు భుజం మీద చెయ్యి వేశాడు. "ఇదే ఉండనీ అప్పా. రూల్ మారినప్పుడంతా మీ పిల్లోడు సీడీ ఎత్తుకోని వచ్చేదాకా నేను రోడ్డు చూస్తా కూర్చునేది నాతో కాదు."

"ఉంచుతాం ఉంచుతాం. నేను మొదటే అనుకున్నాను" అన్నారు సారు. "ఇంద్రాణీ, మిగతా తోటలకు కూడా నువ్వే వెయ్యాలి ఇది."

ఇక ఇంద్రాణి నావైపు తిరుగుతుందని, కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని థాంక్స్ చెబుతుందని ఎదురుచూశాను. తిరిగింది. కళ్ళల్లో నీళ్ళూ ఉన్నాయి. థాంక్స్ మాత్రం లేదు.

"నాకు నోరు లేదా?" అంది.

"ఏమిటి?"

"నా తరఫున ఆయనతో నువ్వెందుకు మాట్లాడితివి? నేను తేరుకోని చెప్పేలోపల నువ్వే చెప్పేస్తివి."

"నీ పని కాపాడితే తిడతావా! లోకంలో ఎవురన్నా ఇట్లా ఉంటారా?"

"నువ్వు ఎప్పుడూ ఇంతే. నా గురించి మంచి మాట చెప్పాలంటే ప్రసాదు సారుకు చెప్తావు. నా గురించి ప్రేమ మాట చెప్పాలంటే మీ అవ్వకు చెప్తావు. నేను పక్కనే నిలబడుకోని ఉంటాను, వానలో తడిసి, అంతా ఇనుకుంటా. నాకు ఎప్పుడు చెప్తావు? నాకు చెప్పేదానికి నీకు ఏమొచ్చింది?" ఆమె బక్కెట్ నా దగ్గరికి లాక్కుంది. "ఆ దినం తిరిగి చూస్తే నువ్వు ఫోన్ పెట్టేసి పోతావని భయపడి, చెయ్యి కూడా తీయకుండా నిలబడినాను నేను. తెలుసునా నీకు?"

తెలియదు. చుట్టూ ఆడవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అందరూ మమ్మల్నే చూస్తున్నారు. చూడనీ అనుకున్నాను. లేచి నిలబడ్డాను.

"సరే, ఇను. నీకే చెప్తా ఉండాను. నువ్వంటే నాకు ఇష్టం. నీ పొగరంటే ఇష్టం. పొద్దున నీ కుర్చీ ఖాళీగా ఉంటే నాకు ఒక్క లైను రాసేదానికి చేతులు రావు. ఈ రెండు వారాలు నువ్వు మాట్లాడకుండా ఉంటే నాకు అన్నం దిగలేదు. చాల్నా?"

"ఇంత కోపంగానా చెప్పేది?"

"కోపమే! ఇట్లా నలుగురి ముందర చెప్పించినావు కదా, కోపం రాదా?"

ఆమె కూడా లేచింది. కన్నీళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది, రెండూ కలిసి వస్తున్నాయి. కాళమ్మకు ఓపిక నశించింది. "జవాబు చెప్పమ్మా తల్లీ, లారీ నిలబడుకోనుండాది!"

"నాకూ నువ్వంటే ఇష్టమే" అంది ఇంద్రాణి. నావైపే చూస్తూ, అందరికీ వినపడేలా అంది. "శానా ఇష్టం."

షెడ్డులో చప్పట్లు మోగాయి. నాగేశప్ప ఇక మేము పనికి రామని తేల్చుకుని లారీ వైపు పోయాడు. నేను నేల మీద లేను. అయినా నా బుద్ధి ఊరుకోదు కదా, ఒక ప్రశ్న అడిగాను.

"ఎప్పటి నుంచి?"

"ఆయుధపూజ దినం నుంచి. నీ కంప్యూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, నాది ఖాళీగా ఉందని నాదానికీ పెట్టి పోతివే, అప్పటి నుంచి."

"ఆయుధపూజా? అంటే వాన దినం కంటే ముందే!"

"ముందే."

"నీ మనసులో అంత పెట్టుకోని, నేను అవ్వతో ఏడుస్తా ఉంటే ఇనుకుంటా ఊరికే నిలబడినావా? నాలుగు నెలలు! నాలుగు నెలలు నన్ను చంపినావు గదే!"

"అదంతా ముందు నువ్వు చెప్పాల కదప్పా" అంది హాయిగా.

ఆ ఏడాదే జూన్‌లో, ఆని నెల రాగానే, కృష్ణగిరిలో పెళ్ళయింది. ముందు మా నాయన చెన్నరాయప్ప, వాళ్ళెవరు, మనమెవరు అని కొన్నాళ్ళు మూతి ముడుచుకున్నాడు. అవ్వ ఆయనను కూర్చోబెట్టి, "వీడు ఆ పిల్లను తిడతాంటే ఇనీ ఇనీ నాకు ఆ పిల్ల మనవరాలైపోయింది. ఇంగ నువ్వు చూసుకో" అని తేల్చేసింది. ఇంద్రాణి నాయన రాజప్ప మామ నన్ను ఒక్క మాట కూడా అడగలేదు. కూతురి ముఖం చూసి ఒప్పుకున్నాడు.

ఆయుధపూజ నుంచి ఫిబ్రవరి దాకా ఆమె దాచిపెట్టిన ఆ నాలుగు నెలల మీద నాకు కోపం ఇప్పటికీ తగ్గలేదు. రోజూ చెబుతూనే ఉన్నాను, ఇంకెవరికో కాదు, ఆమెకే.